గుహలో ఉయ్యాల కనిపిస్తే: రాక్షస తెగలను ఆడించే డీఎంలకు సమగ్ర మార్గదర్శి

మూడేళ్ళ కిందట ఒక ఆదివారం హైదరాబాద్ కొండాపూర్‌లోని మా ఫ్లాట్‌లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట నడుస్తోంది. డీఎం, అంటే డంజన్ మాస్టర్, కథ నడుపుతూ శత్రువులను ఆడిస్తాడు; మిగతావాళ్ళు తలా ఒక వీరుడి పాత్ర వేస్తారు, ఏది ఫలిస్తుందో డైస్ తేలుస్తుంది. ఆ రోజు డీఎం నేనే. ఐదుగురు ప్లేయర్లు, అందరివీ మూడో లెవెల్ పాత్రలు. గోబ్లిన్ల (ఈ ఆటలో పొట్టి రాక్షసులు) గుహలోకి దిగారు. గుహను వర్ణిస్తూ నేను, పెద్దగా ఆలోచించకుండానే, "మూలన పాత చీరతో కట్టిన ఉయ్యాల ఇంకా ఊగుతోంది" అన్నాను. పలాడిన్ (ధర్మయోధుడు) ఆడే తమ్ముడు చేతిలోని డైస్ కింద పెట్టేశాడు. "అన్నా, ఆగు. లోపల పిల్లలున్నరా?" ఉన్నారన్నాను. "మరి గిప్పటిదాక మనం సంపినోళ్ళు ఎవరు?" అని రోగ్ (దొంగ పాత్ర) ఆడే అమ్మాయి అడిగింది. నా దగ్గర జవాబు లేదు. నా ముందున్న స్టాట్ బ్లాక్‌లో, అంటే గోబ్లిన్ లెక్కల పట్టికలో, 7 హిట్ పాయింట్లు (ప్రాణబలం), 15 ఆర్మర్ క్లాస్ (రక్షణ), స్వభావం దగ్గర 'న్యూట్రల్ ఈవిల్' అని రెండు మాటలు ఉన్నాయి. ఉయ్యాల కట్టింది ఎవరో అందులో లేదు.

ఆట అక్కడే ఆపాం. అప్పటినుంచి నేను నేర్చుకున్నది ఇక్కడ వరుసగా పెడుతున్నాను. నేను ఆడించేది డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్, కానీ ఇందులో చాలా భాగం ఏ ఫాంటసీ ఆటకైనా పనికొస్తుంది. రాక్షసులందర్నీ మంచివాళ్ళను చేసేయమని నేను చెప్పడం లేదు, అలా చేస్తే ఆట చప్పబడిపోతుంది. కత్తి దూసే ముందు తెలుసుకోవడానికి ప్లేయర్‌కు దారి ఉండాలి. దూశాక దాని ఫలితం ఆ లోకంలో కనబడాలి. నేను పట్టుబట్టేది ఈ రెంటికోసమే.

మొదటి అడుగు: టేబుల్‌ను అడగండి

వారమంతా ఆఫీసులో నలిగి, ట్రాఫిక్ ఈదుకుంటూ వచ్చి, నాలుగు గంటలు హాయిగా గోబ్లిన్లను నరకాలనుకునేవాళ్ళు ఉంటారు. అది తప్పు కాదు. ఆ ఆటకు వచ్చినవాళ్ళకు చెప్పకుండా ఉయ్యాల చూపించడమే తప్పు. క్యాంపెయిన్, అంటే వారాల తరబడి సాగే కథ, మొదలుకాక ముందే, సెషన్ జీరోలో, అంటే ఆటకు ముందు మాట్లాడుకునే కూడికలో, సూటిగా అడగండి: ఈ లోకంలో శత్రువులకు ఇళ్ళూ పిల్లలూ ఉంటారు, మీకు సమ్మతమేనా? ఆటలో రాకూడని సంగతులు ఏమైనా ఉన్నాయా? మన దగ్గర ఇలాంటివి నలుగురిలో నోరు విప్పి చెప్పరు, మొహమాటపడతారు. అందుకే నేను చిన్న చీటీలు ఇచ్చి రాయించుకుంటాను. పేరు రాయనక్కర్లేదు.

రెండో అడుగు: 'జాతి' అనే మాటను పక్కన పెట్టండి

ఈ ఆట పుస్తకాల్లో ఏళ్ళ తరబడి 'రేస్' అని ఉండేది. పాత్‌ఫైండర్ అనే ఇలాంటి ఇంకో ఆట 2019లో దాన్ని 'యాన్సెస్ట్రీ' చేసింది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ 2024 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో 'స్పీషీస్' అయింది. ఇంగ్లీషులో ఆ మార్పుకు వాళ్ళ కారణాలు వాళ్ళకున్నాయి. మనం తెలుగులో ఆడేటప్పుడు నోటికి వచ్చేది 'జాతి'. ఆ మాటకు మూలమే పుట్టుక. జాతిరత్నం అన్నప్పుడు అది మెప్పు. 'వాళ్ళ జాతే అంత' అన్నామో, ఊళ్ళో ఎవరు ఎవరిని అన్నారో విన్నవాళ్ళందరికీ గుర్తొస్తుంది. ఆర్క్ (ఈ ఆటల్లో ఇంకో రకం రాక్షసుడు) గురించి ఆ వాక్యం అన్నా టేబుల్ దగ్గర కూర్చున్న ఎవరికో ఒకరికి తగులుతుంది.

మా క్యారెక్టర్ షీట్ల మీద 'వంశం' అని రాస్తాం. బతికే తీరును 'తెగ' అంటాం. ఇలా విడదీస్తే ఆలోచన కూడా విడివడుతుంది. చీకట్లో 60 అడుగుల దాకా కళ్ళు కనబడటం వంశంలోది. గుహకు వచ్చినవాడికి ముందు నీళ్ళిచ్చి తర్వాత పేరు అడగడం తెగలోది. మీ బండిలో మూట కొట్టేసింది మాత్రం ఫలానా గోబ్లిన్, వాడొక్కడే.

మూడో అడుగు: 'ఈవిల్' ముద్ర ఎప్పుడు, ఎలా పడిందో తెలుసుకోండి

పుస్తకంలో అచ్చయింది కాబట్టి అదే సత్యమనే ప్లేయర్ ఒకరైనా ఉంటారు. వాళ్ళకు ఈ చరిత్ర చెప్పండి. ఈ ఆటను కనిపెట్టిన గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో తెచ్చిన మొదటి ఆట పెట్టెలో మంచి, చెడు అనే గీత లేనే లేదు. ధర్మబద్ధం, తటస్థం, అరాచకం అని మూడే వరుసలు. ఆర్క్‌ల పేరు తటస్థంలోనూ ఉంది, అరాచకంలోనూ ఉంది. 1977 మాన్‌స్టర్ మాన్యువల్‌కు (రాక్షసుల వివరాల పుస్తకం) వచ్చేసరికి ఆర్క్‌లు 'లాఫుల్ ఈవిల్', అంటే కట్టుబాటున్న చెడ్డవాళ్ళు. 2000 నాటి మూడో ఎడిషన్‌లో కట్టుబాటు లేని చెడ్డవాళ్ళయ్యారు. 2014లోనూ అదే, కానీ అదే పుస్తకం ముందుమాటలో ఈ గుణాన్ని డీఎం మార్చుకోవచ్చని ఉంది. 2024లో ఆర్క్ ప్లేయర్లు ఎంచుకునే వంశమైంది. 2025 మాన్‌స్టర్ మాన్యువల్‌లో ఆర్క్‌లకు విడిగా పేజీయే లేదు. పుట్టుకతో వచ్చిన స్వభావమైతే ఎడిషన్ మారినప్పుడల్లా ఎందుకు మారుతుంది?

ఆర్క్‌లను ఆధునిక ఫాంటసీకి ఇచ్చిన 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' రచయిత టోల్కీన్‌కే ఇది చివరిదాకా తేలలేదు. చెడు తనంతట తాను ప్రాణాన్ని సృష్టించలేదని ఆయన నమ్మకం. మరి ఆర్క్‌లు ఎక్కడినుంచి వచ్చారు, వాళ్ళకు ఆత్మ ఉందా అన్నదాని మీద పలు రకాలుగా రాసుకుని వదిలేశారు.

1977 పుస్తకంలోనే పులి తలతో, పట్టు అంగీతో, పొగగొట్టం పీలుస్తూ మన 'రాక్షస' కూడా ఉన్నాడు. మంత్రించిన క్రాస్‌బో బాణంతో పోతాడు. ఆ బొమ్మ నాకు ఇష్టమే. కానీ తెలుగువాళ్ళ ముందు 'రాక్షసుడు' అనగానే వాళ్ళ మనసులోకి పులి తల రాదు, ప్రహ్లాదుడి తండ్రి వస్తాడు, ప్రహ్లాదుడూ వస్తాడు. పని రాక్షసుడు అని మెచ్చుకుంటాం, కూతుర్ని రాక్షసీ అని ముద్దు చేస్తాం. ఆ సామగ్రి మన దగ్గర ఇప్పటికే ఉంది, వాడుకుందాం.

నాలుగో అడుగు: తెగను నీళ్ళ దగ్గర మొదలుపెట్టి కట్టండి

ఈ అడుగు మీద ఎక్కువ సమయం పెట్టండి. నేను ప్రతి తెగకూ నాలుగు ప్రశ్నలు వేసుకుంటాను. నీళ్ళెక్కడివి? చచ్చిపోయినవాళ్ళను ఏం చేస్తారు? పిల్లలను దేని పేరు చెప్పి భయపెడతారు? మనల్ని ఏమని పిలుస్తారు?

నా గోబ్లిన్లను చూడండి. ఖాజాగూడ, నానక్‌రాంగూడ వైపు వెళితే ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే గుండ్లు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి రాయి అది. లేఅవుట్ల కోసం పేల్చగా పేల్చగా మిగిలినవి. మా క్యాంపెయిన్‌లో అలాంటి గుట్టలున్నాయి, పేరు గుండ్లగుట్ట. గుండ్ల సందుల్లో గోబ్లిన్లు ఉంటారు. వానాకాలం నిండే దొనల (రాతి గుంటల) నీళ్ళే ఏడాదంతా తాగుతారు. కింద మనుషుల నగరం కొత్త కోటగోడ కడుతోంది. రాయి కావాలి. ఒక గుండు పగిలితే ఒక దొన పోతుంది. నీళ్ళు లేక గోబ్లిన్లు దిగివచ్చి నీటి బండ్ల మీద పడుతున్నారు. నగరం వాళ్ళను దొంగలంటోంది.

చచ్చిపోయినవాళ్ళను రాళ్ళ పగుళ్ళలో పెట్టి చిన్న రాయితో మూసేస్తారు. అంటే గుండు పగలగొట్టినవాడు వాళ్ళ శ్మశానం పగలగొట్టినట్టు. అల్లరి చేసే పిల్లలకు 'సుత్తోడొస్తాడు' అని చెబుతారు. మనుషులకు వాళ్ళు పెట్టుకున్న పేరు 'పగలగొట్టేటోళ్ళు'.

ఇక్కడ ఆగిపోతే గోబ్లిన్లు పాపం అమాయకులు, మనుషులు దుర్మార్గులు అని తేలిపోతుంది. అది పాత కథనే తలకిందులు చేయడం. అందుకే ఒక నీటి బండి మీద దాడిలో బండివాణ్ణీ, వాడి పన్నెండేళ్ళ కొడుకునూ వాళ్ళు చంపారు. ఆ పిల్లాడి తల్లి నగరంలో ఉంది. ప్లేయర్లు మొదటి సెషన్‌లోనే ఆమె ఇంట్లో అన్నం తిన్నారు. కోటగోడ కూడా ఎవరి గొప్పకోసమో కాదు, వానలు ఆగాక ఉత్తరాన్నుంచి నాల్‌ల (హైనా తల రాక్షసుల) గుంపు వస్తుంది, గోడ లేకపోతే ఊరు మిగలదు. అందరికీ అవసరమే, అందరి చేతులకూ రక్తమే.

ఐదో అడుగు: ఒకే ఇంట్లో ముగ్గురిని పెట్టండి

తెగ అంతా ఒకే మాట మీద ఉంటే అది మళ్ళీ పాత స్టాట్ బ్లాకే. ఇందుకు లంక కంటే మంచి నమూనా నాకు దొరకలేదు. రావణుడు తప్పు చేశాడు, దిగిరాడు. కుంభకర్ణుడు అన్నను నిండుసభలో తప్పుపట్టాడు, అయినా అన్న కోసమే యుద్ధానికి వెళ్ళి చచ్చాడు. విభీషణుడు తప్పన్నాడు, వినకపోతే వదిలి అవతలి పక్షానికి వెళ్ళాడు. ఒకే తల్లి కడుపున పుట్టి, ఒకే తప్పు ముందు నిలబడి, ముగ్గురూ మూడు దారులు పట్టారు.

విభీషణుడు ధర్మం తెలిసినవాడని గుడిలో చెప్పుకుంటాం. ఇంటికొచ్చి 'ఇంటి గుట్టు లంకకు చేటు' అంటాం. రెండూ మనమే నమ్ముతాం. హైదరాబాద్ వాళ్ళకు ఇది ఇంకా దగ్గర. 1687లో ఎనిమిది నెలల ముట్టడికి లొంగని గోల్కొండలోకి ఔరంగజేబు సైన్యం చివరికి లోపలివాడు తెరిచిన తలుపులోంచి వచ్చింది. ఆ తలుపు తీసినవాణ్ణి ఎవరూ విభీషణుడు అనరు. ఒళ్ళంతా గాయాలతో చివరిదాకా పోరాడిన అబ్దుల్ రజాక్ లారీనే తలుచుకుంటారు.

మీ తెగలో ముగ్గురికి పేర్లు పెట్టండి. గుండ్లగుట్టలో ముసలి నాయకురాలు దాడులు ఆపదు. ఆమె తమ్ముడికి దాడులు నచ్చవు, కానీ ముందు వరుసలో నడిచేది అతనే. ఆమె మనవరాలు రహస్యంగా దిగివచ్చి ప్లేయర్లకు గుట్ట కింది దారి చూపిస్తానంటుంది. ఆ మనవరాలిని నమ్మి లోపలికి వెళ్ళాక, ఆమెను చూసే తమ్ముడి కళ్ళు ఎలా ఉన్నాయో చెప్పండి. నా టేబుల్ దగ్గర ఆ చూపుకే క్లెరిక్ (పూజారి పాత్ర) ఆడే అక్క గొంతు పూడుకుపోయింది.

ఆరో అడుగు: గొంతు ఎవరినుంచి తెస్తున్నారో చూసుకోండి

మొదట్లో ఆర్క్ నాయకుడికి మోటుగా ఉంటుందని తెలంగాణ యాస ఇచ్చాను. వరంగల్ నుంచి వచ్చిన ప్లేయర్ ఆ సాయంత్రమంతా మాట్లాడలేదు. వెళ్ళేటప్పుడు చెప్పులేసుకుంటూ, "అన్నా, గా గొంతు మా తాతది" అన్నాడు. మా అందరి చెవులకూ సినిమాలు ఆ అలవాటు చేశాయి. తెలంగాణ యాసను చాలాకాలం విలన్లకో హాస్యానికో కేటాయించాయి. ఆ అలవాటును నేను నా టేబుల్ మీదికి తెచ్చాను. అతనికి క్షమాపణ చెప్పాను. తర్వాతి వారం ఆర్క్ నాయకుడి గొంతు మార్చలేదు, మిగతావాళ్ళవి మార్చాను. రాజుగారూ, ప్రధాన పూజారీ, ఎల్ఫ్ పండితురాలూ అందరూ అదే యాసలో మాట్లాడారు. ఇప్పటికీ మా లోకంలో రాజభాష అదే.

అలాగే రాక్షస తెగకు నిజమైన ఏ సమాజం వేషమూ, కట్టూ, పండుగా, వృత్తీ తగిలించకండి. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఒక తెగలో పుట్టడమే నేరస్తుడనడానికి ఆధారమైపోయింది. ఎరుకలవాళ్ళను అలా ముద్రవేసి కట్టడిలో ఉంచిన సెటిల్‌మెంటే మన స్టూవర్టుపురం. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో గానీ ఆ చట్టం దేశమంతటా పోలేదు. 'ఆల్వేస్ ఈవిల్' (ఎప్పటికీ చెడ్డవాళ్ళే) అన్న మాట మనుషుల మీద నిజంగా అచ్చయిన దేశం మనది. ఆ ముద్ర మోసిన కుటుంబాల మనవలు మీ టేబుల్ దగ్గర కూర్చోవచ్చు, వాళ్ళు మీకు చెప్పకపోవచ్చు.

ఏడో అడుగు: రూల్స్‌తో దారి తెరవండి

కథ ఎంత బాగున్నా, రూల్స్ కత్తికి మాత్రమే జీతమిస్తే ప్లేయర్లు కత్తే తీస్తారు. నేను చేసిన మార్పులు ఇవి.

ఎదురుపడగానే రియాక్షన్ రోల్ వేయండి. ఇది ఇదే ఆట 1981 బేసిక్ పుస్తకంలోది: ఆరు ముఖాల డైస్ రెండు. 2 పడితే వెంటనే దాడి, 3 నుంచి 5 దాకా శత్రుత్వం, 6 నుంచి 8 దాకా తేల్చుకోలేని స్థితి, 9 నుంచి 11 దాకా మాట వింటారు, 12 పడితే స్నేహం. ఎక్కువసార్లు మధ్యలోనే పడుతుంది, అంటే ఎక్కువసార్లు ప్లేయర్లకు నోరు తెరవడానికి ఒక క్షణం దొరుకుతుంది.

పోరు మొదలైతే ధైర్యం కొలవండి. గుంపులో మొదటివాడు పడ్డప్పుడు ఒకసారి, సగం మంది పడ్డాక ఇంకోసారి రెండు డైస్ వేయండి. ఆ పాత పుస్తకంలో గోబ్లిన్ల ధైర్యం 7, ఆర్క్‌లది 8. అంతకు మించి పడితే పారిపోతారు, లేదా ఆయుధాలు పారేస్తారు. గోబ్లిన్లకైతే 36లో 15 సార్లు అలా జరుగుతుంది. ఆఖరి హిట్ పాయింట్ దాకా పోరాడే శత్రువు ప్రాణమున్నవాడిలా అనిపించడు.

లొంగిపోయినవాణ్ణి ఏం చేయాలన్నది అప్పుడు వస్తుంది. దగ్గరినుంచి కొట్టిన దెబ్బతో శత్రువు హిట్ పాయింట్లు సున్నాకు దిగితే, చంపకుండా స్పృహ తప్పించవచ్చని ఐదో ఎడిషన్ రూల్ ఉంది. దాన్ని ప్రతి సెషన్‌లో గుర్తుచేయండి, చాలామందికి తెలియదు. బందీకి తిండి ఎవరిది, కాపలా ఎవరిది, ఊళ్ళోకి తీసుకెళ్తే జనం ఏం చేస్తారు అన్నవి ముందే అనుకుని ఉంచుకోండి. లేకపోతే బందీని మోయడం విసుగు పుట్టించి, వచ్చేసారి ఎవరూ శత్రువును ప్రాణాలతో వదలరు.

'డిటెక్ట్ ఈవిల్ అండ్ గుడ్' మంత్రాన్ని సరిగ్గా చదివి వినిపించండి. ఐదో ఎడిషన్‌లో అది ఎవరి గుణాన్నీ చూపదు. పిశాచాలు, దేవదూతలు, లేచి నడిచే శవాల వంటి లోకాంతర జీవులు దగ్గర్లో ఉన్నాయా అన్నది మాత్రమే చెబుతుంది. 2014 పుస్తకంలోని గోబ్లిన్ ముందు అది మౌనంగా ఉంటుంది. పలాడిన్‌కు ఆ మౌనాన్ని చూపించండి.

ఎక్స్‌పీ, అంటే పాత్ర లెవెల్ పెరగడానికి ఇచ్చే పాయింట్ల సంగతి. 2014 పుస్తకం లెక్కన గోబ్లిన్‌కు 50, ఆర్క్‌కు 100. మాట్లాడి దారి తెచ్చుకున్నా, తప్పించుకుపోయినా, బెదిరించి పంపినా అంతే ఇవ్వండి. నేనైతే లెక్క మానేసి కథ మలుపులకే లెవెల్ ఇస్తున్నాను.

ఎనిమిదో అడుగు: ఇరకాటం పెట్టండి, ఉచ్చు పెట్టకండి

గైగాక్స్ 1979లో రాసిన 'కీప్ ఆన్ ది బార్డర్‌ల్యాండ్స్' మాడ్యూల్‌లో (ఆడించడానికి సిద్ధంగా అచ్చయిన కథలో) గుహల్లో ఆడవాళ్ళూ పిల్లలూ ఉన్నారని లెక్కతో సహా ఉంటుంది. ఆ లెక్కనుంచే ఏళ్ళ తరబడి వాదన నడిచింది. కొందరు డీఎంలు దాన్ని ఆయుధం చేసుకున్నారు. పలాడిన్ ముందు ఆర్క్ పసిపిల్లలను పెట్టి, చంపితే పాపం, వదిలితే రేపు పెద్దయి ఊరు కాలుస్తారు అని చెప్పి, ఏది చేసినా శక్తులు లాగేసుకోవడం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. దీన్ని నైతిక సంక్లిష్టత అనకండి. అది ప్లేయర్‌ను నవ్వులపాలు చేయడం.

ఇరకాటానికి నా కొలత ఒకటే: నిర్ణయానికి కనీసం ఒక సెషన్ ముందే ప్లేయర్లకు విషయం తెలియాలి, కనీసం మూడు దారులుండాలి, ప్రతి దారికీ ఖరీదుండాలి, ఆ ఖరీదు ముందే కనబడాలి. గుండ్లగుట్టలో గోబ్లిన్లను తరిమితే రాయి దొరుకుతుంది, గుట్ట కింది దారి తెలిసినవాళ్ళు పోతారు. రాతి పని ఆపితే గోడ సగమే లేస్తుంది. రాజీ కుదర్చాలంటే పిల్లాణ్ణి చంపినవాణ్ణి అప్పగించమని తల్లి అడుగుతుంది, కానీ తెగకు ఇప్పుడు నీళ్ళు మోసి తెస్తున్నది వాడే.

మావాళ్ళు మూడు సెషన్లు కొట్టుకున్నారు. చివరికి క్లెరిక్ ఆ తల్లిని చేయిపట్టి గుట్ట మీదికి తీసుకెళ్ళింది. పగిలిన గుండు పక్కన, బయటపడ్డ చిన్న ఎముకలను ఏరుకుంటున్న గోబ్లిన్ ముసలిదాన్ని ఆ తల్లి చూసింది. ఆమె క్షమించలేదు. నేనూ ఆమెతో క్షమింపజేయలేదు, ఆ హక్కు నాకు లేదనిపించింది. ఆ ఎముకలవాడి పేరేమిటని మాత్రం అడిగింది.

తొమ్మిదో అడుగు: మన పక్షాన నిలిచిన రాక్షసుణ్ణి మరవకండి

మంచి గోబ్లిన్ ఒకరు ప్లేయర్లతో కలిసిపోగానే సమస్య తీరిందనుకుంటాం. ఘటోత్కచుణ్ణి గుర్తుచేసుకోండి. తండ్రి భీముడి కోసం రాత్రి యుద్ధం చేశాడు. అర్జునుడి కోసం కర్ణుడు దాచుకున్న శక్తి ఇతని మీద ఖర్చయింది. పడిపోతూ కూడా ఒళ్ళు పెంచి కౌరవ సైన్యం మీద పడ్డాడు. పాండవులు ఏడుస్తుంటే కృష్ణుడు సంతోషంతో నాట్యం చేశాడు. ఇతను ఇప్పుడు పోకపోతే ఎప్పుడో నేనే చంపాల్సి వచ్చేదన్నాడు. గెలిచిన పక్షం తన రాక్షసుణ్ణి ఎలా చూసిందో ఇంత నిక్కచ్చిగా చెప్పిన ఘట్టం మీకు దొరకదు. కాబట్టి అడగండి: గోడ గెలిచాక మనవరాలికి ఊళ్ళో ఇల్లిస్తారా? సత్రంలో ఆమె కూర్చున్న బల్ల దగ్గర ఎవరైనా కూర్చుంటారా? పార్టీ వెళ్ళిపోయిన మర్నాడు ఆమెకు ఏమవుతుంది?

పదో అడుగు: నిజంగా చెడ్డవాళ్ళనూ ఉంచుకోండి

నరకంనుంచి వచ్చిన పిశాచాలు, మనసు లేని నడిచే శవాలు, తెలిసి తెలిసి ఊళ్ళు తగలబెట్టే మాంత్రికుడు. వీళ్ళను నిశ్చింతగా నరకనివ్వండి. ప్రతి ఆదివారం వాదనే అయితే జనం రావడం మానేస్తారు.

పదకొండో అడుగు: సెషన్ అయ్యాక పది నిమిషాలు

ప్లేయర్లు వెళ్ళిపోయి, బిర్యానీ డబ్బాలు సర్దేసి, చాయ్ పెట్టుకుని నోట్‌బుక్ తీస్తాను. ఒకే ప్రశ్న రాసుకుంటాను: ఈ రాత్రి గుట్ట మీద ప్లేయర్ల గురించి ఏం చెప్పుకుంటున్నారు? రెండు మూడు వాక్యాలు చాలు, వచ్చే సెషన్ వాటిలోంచే మొదలవుతుంది. కిందటి ఆదివారం రాసుకున్నది ఇది: దొన పక్కన గోబ్లిన్ పిల్లలు ఆడుకుంటున్నారు. గుహలోకి కత్తితో దిగే ఆట. ఉయ్యాల దగ్గర ఆగిపోవాల్సిన పలాడిన్ వేషం తనకే కావాలని అందరూ కొట్లాడుకుంటున్నారు.